బాణం పక్కన కార్బన్

మా వీధి గదిలో ఒక నల్లబల్ల ఉంది. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచినా సాయంత్రానికి దాని మీద బొగ్గు నుసి పేరుకుంటుంది. నల్లబల్ల మీద నల్లటి నుసి ఏం కనిపిస్తుందిలే అనుకుంటారు కొత్తవాళ్ళు. సుద్దముక్కతో గీత గీస్తే తెలుస్తుంది. గీత మధ్యలో జారుతుంది. నేను గీసే బెంజీన్ వలయం ఏదో ఒక మూల తెగే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా గోదావరిఖనిలో కర్బన రసాయనం చెబుతున్నాను గానీ, వలయం నిండుగా వచ్చిన రోజులు తక్కువ.

మాది కోస్తా. ఇక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఉద్యోగం వస్తే, రెండేళ్ళు చేసి వెళ్ళిపోదామని నేనూ నా భార్యా సగం సామాను విప్పకుండా ఉంచుకున్నాం. ఆ సగం ఎప్పుడు విప్పామో గుర్తు లేదు. మాకు పిల్లలు లేరు. ఆవిడ కొన్నేళ్ళ క్రితం పోయింది. ఆ తర్వాత కాలేజీ కూడా మూతపడింది. పిల్లలు కొందరు హైదరాబాదు హాస్టళ్ళలో చేరారు, మిగిలినవాళ్ళు ఫోనులో పాఠాలు వింటున్నారు. ఫోనులోని మేష్టారు అడిగినన్నిసార్లు చెబుతాడు, విసుక్కోడు. నేను రెండోసారికే విసుక్కుంటాను. వీధి గదిలో ట్యూషన్ పెడితే మొదటి ఏడాది అరడజను మంది వచ్చారు, తర్వాత ఇద్దరు, తర్వాత బల్ల ఒక్కటే మిగిలింది.

ఒంటరిగా ఉన్నానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కుక్కర్ విజిల్ వేస్తే “ఆఁ, వస్తున్నా” అంటాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు కోసం బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు గిలగిలలాడితే “ఎవరూ?” అని అడిగిన రోజులున్నాయి. ఆదివారం మరీ కష్టం. ఇక్కడ సెలవు రోజును ప్లేడే అంటారు. ఊరంతా ప్లేడే చేసుకుంటుంటే నేను నిన్నటి పప్పు వేడి చేసుకుని, గిన్నెలోనే అన్నం కలుపుకుని తింటాను.

అలాంటి రోజుల్లో, వానలు వెనకపట్టాక, ఒకామె వచ్చింది. పాతికేళ్ళుంటాయి. గని మీద ల్యాంపు రూంలో పని. వాళ్ళ నాన్న గనిలో చేసి చేసి అన్‌ఫిట్ అయితే, ఒక్కగానొక్క కూతురు కాబట్టి ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. డ్యూటీ బట్టల మీదే వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండానే విషయం చెప్పింది.

“సార్, ఇంటర్ల కెమిస్ట్రీ ఒక్కటే పోయింది నాకు. మా తాన బొగ్గు పరీక్ష చేసే ల్యాబుల పోస్టులు పడుతున్నయట. ఇంటర్ సైన్సు పాసై ఉండాలె. ఈ మార్చిల పాస్ కాకపోతె ఇగ నాకు ల్యాబు లేదు.”

“ల్యాంపు రూంలో ఏం కష్టమొచ్చిందమ్మా?”

“కష్టమేం లేదు సార్. ల్యాబుల బొగ్గును పొడి చేసి కాలుస్తరు. కాలినంక ఏం మిగిలిందో తూకం పడ్తరు. నాకు గా పని చెయ్యాలని ఉన్నది.”

ర్యాంకుల కోసం వచ్చినవాళ్ళను చూశాను, నాన్న కొడతాడని వచ్చినవాళ్ళను చూశాను. కాలినాక ఏం మిగులుతుందో చూడాలని వచ్చిన మనిషిని చూడలేదు. లోపలికి వచ్చి కూర్చోమన్నాను. ఆ రోజు నుంచి మార్చి దాకా, ఆమె ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చే సాయంత్రాలే నేను మనిషితో మాట్లాడిన సాయంత్రాలు. ఆమెకు మార్చి కావాలి. నాకు మార్చి రాకపోతే బాగుండుననిపించేది. అయినా ఆమె పాసవ్వాలని నా అంత గట్టిగా కోరుకున్నవాళ్ళు లేరు. రెండు కోరికలూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో నన్నడక్కండి.

ప్రమేయ సమూహాల మార్పిడులంటే నాకు ప్రాణం. కార్బన్ల గొలుసు అదే ఉంటుంది. దాని చివర వేలాడే చిన్న గుంపు మారితే పేరు మారుతుంది, వాసన మారుతుంది, నడత మారుతుంది. సారాయిలో ఉండే ఇథనాల్ కొస మారితే పచ్చళ్ళలో పోసే వెనిగర్ అవుతుంది. పిల్లలు వీటిని బట్టీ పట్టి పాడుచేస్తారు. నేను మాత్రం బల్ల మధ్యలో ఆల్కహాల్ రాసి, చుట్టూ దారులు గీస్తాను.

“ఇదమ్మా మన చౌరస్తా. మందమర్రి పోవాలన్నా, రామగుండం స్టేషన్‌కు పోవాలన్నా ముందు చౌరస్తాకు వస్తావా లేదా?”

“వస్త సార్.”

“దారి తెలియకపోతే ముందు ఆల్కహాల్ దగ్గరికి రా. అక్కడ అన్ని బస్సులూ దొరుకుతాయి. ఆల్డిహైడ్‌కు పోవాలంటే మెత్తగా ఆక్సీకరణం చెయ్యాలి. పర్మాంగనేట్ ఎక్కావంటే అది ఎక్స్‌ప్రెస్, మధ్యలో ఆగదు. తిన్నగా ఆమ్లం దగ్గర దింపుతుంది.”

“గట్లయితె తిరుగు బండి ఉన్నదా సార్?”

“ఉంది. క్షయకరణం.”

ఆమె నవ్వింది. పట్టుకోవడంలో చురుకు. చెప్పింది చెప్పినట్టు కాకుండా తన మాటల్లోకి మార్చుకుని నేర్చుకునేది. నెల తిరిగేసరికి ఆల్కీన్ నుంచి ఆల్కహాల్‌కూ, ఆల్కహాల్ నుంచి ఆమ్లానికీ, ఆమ్లం నుంచి ఎస్టర్‌కూ కళ్ళు మూసుకుని నడిచేది. ఇక ఈమె పాసైనట్టే అనుకుని నేను లోపల్లోపల దిగులు పడుతున్న రోజుల్లో ఆ తప్పు మొదలైంది.

ఇథనాల్ నుంచి మిథనమీన్ తయారుచెయ్యమన్నాను. పరీక్షలో తరచూ వచ్చే ప్రశ్నే. ఇథనాల్‌లో రెండు కార్బన్లుంటాయి, మిథనమీన్‌లో ఒకటే. ఆమె ఇథనాల్‌ను పర్మాంగనేట్‌తో ఆమ్లం చేసింది, ఆమ్లాన్ని అమ్మోనియాతో వేడిచేసి ఇథనమైడ్ చేసింది. ఇక్కడి దాకా బాగుంది. ఇక్కడ బ్రోమిన్, సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే ఒక కార్బన్ ఊడిపోయి అడిగింది వస్తుంది. ఆమె అక్కడ వేరే దారి పట్టింది. రెండు కార్బన్లూ భద్రంగా ఉన్న ఇథనమీన్ రాసి, కింద గీత గీసి, సుద్దముక్క కింద పెట్టింది.

“నేను అడిగిందేమిటి, నువ్వు రాసిందేమిటి?”

“రెండు లోపలికి పోయినయి సార్. రెండు బయటికి రావాలె గద.”

“రావక్కర్లేదు. ఒకదాన్ని వదిలించుకోవాలి. అదే ఈ లెక్క.”

“ఇడ్సిపెట్టుడు ఎట్ల సార్?”

కోపమొచ్చింది నాకు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అన్నాను. మర్నాడు అదే రకం లెక్క ఇంకోటి ఇస్తే మళ్ళీ అదే తప్పు చేసింది. సయనైడ్‌తో ఒక కార్బన్ పెంచే లెక్కలు మాత్రం చక్కగా చేసేది. ఇదేమిటని అడిగితే, “ఒకటి ఎక్కువైతె ఫికర్ లేదు సార్, అది ఎక్కడికెల్లి వచ్చిందో కనపడ్తనే ఉన్నది. తక్కువైతెనే నాకు చెయ్యి ఆడ్తలేదు” అంది.

ల్యాంపు రూం సంగతి అప్పుడు చెప్పింది. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఒకటుంటుంది. బిళ్ళ కిటికీలో ఇస్తే టోపీకి పెట్టుకునే ల్యాంపు ఇస్తారు. షిఫ్టు దిగి ల్యాంపు తిరిగి ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తారు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపల ఉన్నాడని అర్థం.

“ఒక్కపారి మిగిలింది సార్. ఒక పెద్దమనిషిది. లోపలికి మనుషులు దిగి ఎతికిండ్రు. నేను గా బిళ్ళను సూసుకుంట కూసున్న, కాళ్ళు చేతులు ఆడలే. ఆఖరికి ఆయన ఇంట్ల దొరికిండు. బిడ్డకు జెరమని ఎవరో చెప్తె, ల్యాంపు మెడకు ఏసుకొని గట్లనే ఉరికిండట.”

“మరి దొరికాడుగా.”

“దొరికిండు సార్. కానీ నేను గప్పటి సంది ఒక్కటి తక్కువైతె ఓర్వలేను.”

ఈ ఊరివాళ్ళు మాత్రమే చేయగల తప్పు అది. కోస్తాలో నేను చదువుకున్నప్పుడు మేమందరం కార్బన్లను చింతగింజల్లా పారేసేవాళ్ళం. తప్పు అలాంటిదని తెలిశాక కోపం పోయింది గానీ, తప్పు పోలేదు. ఆ రకం లెక్క పరీక్షలో పడితే మార్కులు పోతాయి. మార్కులు ఆమెకు అంచు మీద ఉన్నాయి. ఎంతమందికో చెప్పినవాణ్ణి, ఆ ఒక్కటీ ఎలా చెప్పాలో తెలియక ఆమె వెళ్ళిపోయాక బల్ల ముందే కూర్చునేవాణ్ణి. ఆ కూర్చోవడంలో కొంత హాయి కూడా ఉండేది. ఇల్లు ఖాళీగా ఉన్నా బుర్ర ఖాళీగా ఉండేది కాదు.

ఆమె ఫోను ఎప్పుడూ కిటికీ గట్టు మీద పెట్టుకునేది. ఆమె భర్త ఇంకో గనిలో చేస్తాడు, అక్కడ పైకి రావడానికి కాస్త ఆలస్యమవుతుంది. పాఠం మధ్యలో ఆ ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయేది. మొదటిసారి నేను పాఠం ఆపి, “ఎత్తమ్మా, పరవాలేదు” అన్నాను.

“ఎత్తొద్దు సార్. ఆయన పైకొచ్చిండు.”

గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. పైకి రాగానే బీరువాలోంచి ఫోను తీసి ఇంటికి ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తారట. ఎత్తకూడదు, తిరిగి చెయ్యకూడదు. వాళ్ళ అత్తమ్మకు ఫోనులో మాట్లాడటం రాదు గానీ ఆ రింగు మాత్రం తెలుసట, అది వినబడ్డాకే పొయ్యి మీద చాయ పెడుతుందట. నేను గమనించాను. ఆ రింగు వచ్చే దాకా ఆమె కుర్చీ అంచున కూర్చునేది. వచ్చాక కాస్త వెనక్కి జరిగి కూర్చునేది.

“మరి మీరు ఎవలికి కొడ్తరు సార్?” అని అడిగింది ఒకరోజు, కాయితం మీద నుంచి తల ఎత్తకుండానే.

“నేనేమన్నా గనిలోకి దిగుతున్నానా?”

“దిగకపోతెనేం సార్. బజారుకు పోతరు, గోదారి కట్ట మీదికి పోతరు. ఇంటికొచ్చినంక ఎవలికన్న తెల్వాలె గద.”

నా భార్య ఉన్నప్పుడు నేను గేటు తీస్తే లోపలి నుంచి “వచ్చారా” అనేది. నేను “ఆఁ” అనేవాణ్ణి. అంతకుమించి ఆ మాటకు పనేమీ లేదనుకున్నాను అన్నేళ్ళూ. “ముందు ఎస్టర్ రాయి” అని కసిరాను. ఆమె ఎస్టర్ రాసింది. ఆ సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక నాకు ఏడుపొచ్చింది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒకరోజు మళ్ళీ ఇథనాల్ నుంచి మిథనమీన్ పెట్టాను. ఇథనమైడ్ దాకా వచ్చి సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది. ఏం రాయాలో ఆమెకు తెలుసు, రాయడానికి మనసు ఒప్పడం లేదు. సరిగ్గా అప్పుడే ఫోను ఒక్కసారి మోగి ఆగింది. ఆమె ఊపిరి వదిలింది. నాకు అప్పుడు తట్టింది.

“మీ ఆయన ఇక్కడికి వచ్చాడా అమ్మా?”

“ఇక్కడికెందుకు వస్తడు సార్?”

“మరి నీ కంటికి కనబడకుండానే నీ మనసు ఎలా నిమ్మళించింది?”

“పైకొచ్చిండని తెలిసింది గద.”

“ఈ కార్బన్ కూడా పైకి వచ్చిందమ్మా. లోపల ఉండిపోలేదు. మన దారిన మనతో రాదు, అంతే. బ్రోమిన్, క్షారం వేసినప్పుడు అది సోడియం కార్బనేట్‌లోకి పోతుంది. మీ ఇంట్లో బట్టలకు వేస్తారే, ఆ సోడా. పుస్తకంలో మనకు కావలసిన పదార్థం ఒక్కటే రాసి మిగతాది రాయకుండా వదిలేస్తారు, అందుకే నీకు కనబడలేదు. ఇదిగో, ఈ బాణం పక్కన రాసుకో.”

ఆమె బాణం గీసి, దాని పక్కన చిన్న అక్షరాలతో సోడియం కార్బనేట్ రాసింది. అందులోని కార్బన్ చుట్టూ సున్నా చుట్టింది. బాణానికి అవతల మిథనమీన్ రాసింది. కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసింది.

“ఇంత దాక ఈ ముచ్చట ఎందుకు చెప్పలేదు సార్?”

“నాకే తెలియదమ్మా ఇలా చెప్పాలని.”

ఆ తర్వాత ఆమె తప్పలేదు. కార్బన్ తగ్గే లెక్క ఏదిచ్చినా ముందు అది ఎటు పోయిందో బాణం పక్కన రాసేది, తర్వాత నిశ్చింతగా ముందుకు పోయేది. నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. కానీ ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదని కూడా ఆ రోజే తెలిసింది. మిగిలిన సాయంత్రాలు పాత ప్రశ్నపత్రాలు చేయించాను. అవసరం లేని బెంజీన్ లెక్కలు కూడా కొన్ని చేయించాను, ఆమె కాదనకుండా చేసింది.

పాసైంది. పోస్టు వచ్చింది. మందమర్రి వైపు ల్యాబులో వేశారు, భర్త కూడా అటే బదిలీ చేయించుకున్నాడు. చెప్పడానికి ఇద్దరూ కలిసి వచ్చారు. అన్ని నెలలు ఒక్క రింగుగా మాత్రమే తెలిసిన మనిషిని మొదటిసారి చూశాను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, కళ్ళ అంచులకు కాటుకలా బొగ్గు.

“ఇంట్ల కూడ మీ ముచ్చట్లే సార్. కూర వండుకుంట కూడ కార్బన్లు లెక్కపెడ్తది” అన్నాడు.

“ల్యాబ్ ఎట్లుంటదో సూసి చెప్త సార్” అంది ఆమె.

వాళ్ళ బండి మలుపు తిరిగే దాకా నిలబడి, లోపలికి వచ్చాను. బల్ల మీద ఆమె చివరగా చేసిన లెక్క ఉంది. తుడవలేదు. రోజులు గడిచేకొద్దీ నుసి పేరుకుని ముందు బాణాలు పోయాయి, తర్వాత అక్షరాలు పోయాయి. ఎవరైనా వస్తారేమోనని సాయంత్రం వీధి తలుపు తీసి కూర్చునేవాణ్ణి. ఎవరూ రాలేదు. వానలూ చలీ గడిచి మళ్ళీ వేసవి మొదలైంది. రామగుండం ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, కుళాయి నీళ్ళతోనే చాయ పెట్టుకోవచ్చనిపిస్తుంది. పొద్దు వాలాక గోదారి కట్ట దాకా నడిచి వచ్చేవాణ్ణి. తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే ఆమె అడిగిన మాట గుర్తొచ్చేది. మీరు ఎవలికి కొడ్తరు సార్?

కొట్టాలనిపించింది. కానీ ఈ వయసులో, పెళ్ళైన ఆడపిల్లకు మిస్డ్ కాల్ ఇవ్వడమేమిటి? ఆ పొడుగాటి మనిషి ఏమనుకుంటాడు? నాలో నేనే వాదించుకుని, నేనే ఓడిపోయి, ఒక సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా ఆమె నంబరు నొక్కాను. ఒక్క రింగు వినబడగానే పెట్టేశాను. దొంగతనం చేసినవాడిలా వీధి తలుపు వంక చూశాను.

ఆమె ఎత్తలేదు. తిరిగి చెయ్యలేదు. పద్ధతి ప్రకారం అలాగే ఉండాలి. అయినా ఫోను వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అసలు చూసిందో లేదో. నంబరు మారిందేమో. ముసలాయనకు మతి పోయిందని నవ్వుకుందేమో. మర్నాడు కూడా ఇచ్చాను. ఆ మర్నాడు కూడా. అటు నుంచి ఎప్పుడూ ఏమీ లేదు. బావిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి ఒగ్గినట్టుండేది. ఇక రేపటి నుంచి మానేద్దాం అనుకునేవాణ్ణి. అనుకుంటూనే మళ్ళీ ఇచ్చేవాణ్ణి.

మే నెల నడిమిలో ఒకరోజు వడదెబ్బ తగిలింది. మధ్యాహ్నం నుంచీ తల పగిలిపోతోంది. తడి తువ్వాలు నుదుటి మీద వేసుకుని వీధి గదిలో చాప మీద పడుకున్నాను. కరెంటు పోయింది. నడకకు పోలేదు, ఇంట్లోంచే కదలనివాడు ఇంటికొచ్చానని ఎవరికి చెబుతాడు? ఫోను సంగతే మరిచిపోయాను. పొద్దు వాలి గదిలో చీకటి పడుతుండగా అది మోగింది.

ఒక్క రింగుతో ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. మోగుతూనే ఉంది. తడుముకుని ఎత్తాను.

“సార్, ఇంట్లనే ఉన్నరా?”

ఆమె గొంతు. ఉన్నానమ్మా అన్నాను. నా గొంతు నాకే బొంగురుగా వినబడింది, పొద్దున్నుంచీ మాట్లాడిన మొదటి మాట అది.

“మరి ఇయ్యాల కొట్టలేదేంది సార్? ఎప్పటి సంది ఎదురు సూస్తున్న. ఆయన పైకొచ్చిండు, కొట్టిండు. మీదొక్కటే మిగిలింది.”

బల్ల వైపు చూశాను. చీకట్లో ఏమీ కనబడలేదు.

“ఉన్నరా సార్?”

“ఉన్నానమ్మా. కొంచెం తల నొప్పి. పైకొచ్చాను.”

“సరే సార్. మజ్జిగ తాగి పండుకోండి. రేపు మర్సిపోవద్దు” అని పెట్టేసింది.

నేను లేచి మజ్జిగ కలుపుకున్నాను.